బాగా బతుకుతున్నామో లేదో గడిపిన రోజులనే అడిగి తెలుసుకోవడం ఎలా?

సంతోషమంటే ఏమిటి, బాగా బతకడమంటే ఏమిటి అని ఆలోచిద్దామని తీరిక చేసుకుని కూర్చున్నవారు సాధారణంగా పావుగంటలో లేచిపోతారు. ప్రశ్న పెద్దదన్న మాట నిజమే కానీ, అసలు చిక్కు దాన్ని అడిగే తీరులో ఉంది. "నేను సంతోషంగా ఉన్నానా?" అని మనల్ని మనం నిలదీసుకున్నప్పుడు, మనసు ఆ పూట ఉన్న తలనొప్పినో, పొద్దున ఎవరో అన్న మాటనో, తోటివాడికి వచ్చిన పదోన్నతినో చేతికందినంత మేర పోగుచేసి, అదే జీవితం మొత్తానికి తీర్పు అన్నంత ధీమాగా జవాబు చెబుతుంది. మర్నాడు అడిగితే అంతే ధీమాగా మరో జవాబు చెబుతుంది.

ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఈ ప్రశ్నను తన మీద తానే ప్రయోగించుకుని దెబ్బతిన్నాడు. 1826లో, ఇరవై ఏళ్ల వయసులో, తాను కోరుకుంటున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే తనకు గొప్ప ఆనందం కలుగుతుందా అని ఆలోచించాడు. కలగదని లోపలి నుంచి స్పష్టంగా జవాబు వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి ఆయనను నిరుత్సాహం వదల్లేదు. సంతోషంగా ఉన్నానా అని అడిగిన మరుక్షణమే మనిషి సంతోషంగా ఉండడం మానేస్తాడని, మరేదైనా పని మీద దృష్టి నిలిపినవారికే అది దారిలో తారసపడుతుందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. మిల్ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఎదురుగా నిలబెట్టి అడిగితే మనసు తడబడుతుందన్నది నిజమే అయినా, అంతమాత్రాన విచారణే వద్దనుకోనక్కరలేదు. మన అభిప్రాయాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టి, గడిపిన రోజులను సాక్షులుగా పిలిస్తే సరిపోతుంది.

అందుకు ఒక నోటుపుస్తకం, కలం, నాలుగు వారాల కాలం చాలు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట కూర్చోగలగాలి. రోజూ రాయాలన్న నియమం పెట్టుకున్నవారు పదో రోజుకల్లా మానేయడం నేను చాలాసార్లు చూశాను. నేనూ వారిలో ఒకడిని.

మొదటి పేజీ

మొదలుపెట్టే ముందు మూడు మాటలను విడదీసి పెట్టుకోవాలి. సుఖం వేరు, సంతృప్తి వేరు, సార్థకత వేరు. సుఖం ఆ క్షణంలో కలిగే అనుభూతి. సంతృప్తి, వెనక్కి తిరిగి చూసి "మొత్తం మీద పరవాలేదు" అని మనం ఇచ్చుకునే మార్కు. సార్థకత, ఆ పని చేయదగినదేనా, దానికి ఆయుష్షులో కొంత భాగం ఖర్చు పెట్టవచ్చునా అన్న విచారణ. ఈ మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. పసిబిడ్డ ఏడుపుకు రాత్రి మూడోసారి లేచిన తల్లికి ఆ క్షణంలో సుఖం లేదు, కానీ చేస్తున్న పని చేయదగినదా అని ఆమెను అడిగితే ప్రశ్నే వింతగా తోస్తుంది. హోదా, ఆస్తి అన్నీ కూడబెట్టుకుని జీవితానికి పదికి తొమ్మిది మార్కులు వేసుకున్న మనిషి, నిన్నటి రోజులో నవ్విన సందర్భం ఒక్కటి చెప్పమంటే తడుముకోవచ్చు.

ఈ తేడా కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మనిషి ముందుకు శ్రేయస్సూ (మేలు చేసేది) ప్రేయస్సూ (ఇష్టంగా తోచేది) రెండూ వస్తాయని, వివేకి వాటిని వేరుచేసి చూసి మొదటిదాన్ని ఎంచుకుంటాడని కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెబుతాడు. అరిస్టాటిల్ వాడిన "యుడైమోనియా" అనే గ్రీకు మాటను సంతోషం అని అనువదించడం అలవాటైపోయింది కానీ, ఆయన దృష్టిలో అది అనుభూతి కాదు. ఒక జీవితకాలం పొడుగునా మనిషి తనలోని శ్రేష్ఠమైన శక్తులను వినియోగించడం. ఆధునిక కొలతల్లోనూ ఇదే గందరగోళం ఉంది. 1965లో హ్యాడ్లీ కాంట్రిల్ అనే పరిశోధకుడు ప్రచారంలోకి తెచ్చిన నిచ్చెన ప్రశ్నలో, అట్టడుగు మెట్టు మీకు సాధ్యమైన జీవితాల్లో అతి హీనమైనది, పదో మెట్టు అత్యుత్తమమైనది, మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారని అడుగుతారు. 2012లో మొదలైన ప్రపంచ సంతోష నివేదిక దేశాలకు ర్యాంకులు ఇచ్చేది ఈ జవాబుల ఆధారంగానే. కాబట్టి ఫలానా దేశం అత్యంత సంతోషకరమైనదని పత్రికలు రాసినప్పుడు, అక్కడివారు అందరికన్నా ఎక్కువగా నవ్వుతున్నారని అర్థం చేసుకోకూడదు. తమ జీవితానికి వారు మంచి మార్కు వేసుకున్నారని మాత్రమే దాని అర్థం.

ఇప్పుడు పుస్తకం మొదటి పేజీలో తేదీ వేసి, మీరు నిచ్చెన మీద ఏ మెట్టున ఉన్నారో ఒక అంకె రాయండి. దాని కింద మీ జీవితంలో అతి ముఖ్యమైనవని మీరు నమ్ముతున్న అయిదింటిని వరుసగా రాయండి. ఎక్కువసేపు ఆలోచించకండి, ఎవరికీ చూపించకండి. ఆ పేజీని లోపలికి మడిచి, నాలుగు వారాల దాకా తెరవకండి.

నిన్నటి రోజును రంగాలుగా విడదీయడం

ఇక అసలు పని. వారంలో ఒక పనిరోజును, ఒక సెలవురోజును ఎంచుకుని, వాటి మర్నాటి ఉదయం కూర్చుని, గడిచిన రోజును నిద్ర లేచిన క్షణం నుంచి నిద్ర పట్టే వరకు నాటకంలో రంగాల్లాగా విడదీసి రాయండి. చోటు మారినా, పక్కనున్న మనిషి మారినా, చేస్తున్న పని మారినా కొత్త రంగం మొదలైనట్టే. ఒక్కో రంగానికి వేళ, చేసిన పని, పక్కన ఎవరున్నారు, మనసు అక్కడే ఉందా లేక మరెక్కడో తిరుగుతోందా అన్నవి రాసి, ఆనందం, చిరాకు, అలసట ఎంతెంత ఉన్నాయో సున్నా నుంచి ఆరు లోపు అంకెలు వేయండి. చివర మరొక అంకె వేయండి: ఇది చేయదగిన పనే అని ఎంతవరకు అనిపించింది?

ఇది నేను సొంతంగా కల్పించిన పద్ధతి కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కాహ్నెమన్, ఆయన సహచరులు 2004లో ఉద్యోగాలు చేస్తున్న 909 మంది స్త్రీల చేత నిన్నటి రోజును ఇలాగే రాయించారు. సార్థకతకు వేసే చివరి అంకె మాత్రం నేను చేర్చుకున్నది. ఇంత శ్రమ ఎందుకు, రోజు ఎలా గడిచిందో నోటితో చెప్పేయవచ్చు కదా అని మీకు అనిపిస్తే, అదే కాహ్నెమన్ వైద్యుడైన డొనాల్డ్ రెడెల్‌మీర్‌తో కలిసి 1996లో ప్రచురించిన పరిశీలనను గుర్తుచేయాలి. కొలనోస్కోపీ, అంటే గొట్టంతో పెద్దపేగు లోపలిని చూసే పరీక్ష చేయించుకుంటున్న రోగులను, ఆ పరీక్ష సాగుతున్నంతసేపూ నిమిషానికొకసారి నొప్పి ఎంత ఉందో చెప్పమన్నారు. అంతా అయ్యాక, మొత్తం మీద ఎంత బాధ కలిగిందని అడిగారు. రోగుల జ్ఞాపకంలో పరీక్ష ఎంతసేపు పట్టిందన్నది దాదాపుగా లెక్కలోకే రాలేదు. నొప్పి పతాకస్థాయికి చేరిన క్షణం, చిట్టచివరి క్షణాలు, ఈ రెండే జ్ఞాపకాన్ని నిర్ణయించాయి. నొప్పి గురించి మనసు ఇంత అన్యాయంగా లెక్క వేస్తున్నప్పుడు, పదేళ్ల కాపురం గురించో ఇరవై ఏళ్ల ఉద్యోగం గురించో అది చెప్పే సారాంశాన్ని కళ్లు మూసుకుని నమ్మలేం.

నా పుస్తకంలోని ఒక బుధవారాన్ని ఉదాహరణగా చూపిస్తాను. పొద్దున 6:40 నుంచి 7:15 వరకు మెలకువ వచ్చినా మంచం దిగకుండా ఫోను చూశాను, ఒంటరిగా, ఆనందం 1, చిరాకు 3, చేయదగినది 0. పగలంతా కార్యాలయం, దానికి అయిదు రంగాలు, ఏ ఒక్కదానిలోనూ ఆనందం మూడు దాటలేదు. సాయంత్రం 6:20 నుంచి 6:45 వరకు మా అబ్బాయి సైకిలు గొలుసు ఊడిపోతే ఇద్దరం కలిసి ఎక్కించాం. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వాడు పెడలును మెల్లగా తిప్పుతుంటే, నేను స్క్రూడ్రైవరు మొనతో గొలుసును పళ్ల మీదికి నెట్టాను. రెండుసార్లు జారింది. మూడోసారి వాడు పెడలును వెనక్కి తిప్పి చూద్దామన్నాడు, అప్పుడది టక్కున కూర్చుంది. వాడు గ్రీజు అంటిన వేళ్లను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూసి మొహం చిట్లించాడు. ఆనందం 6, చిరాకు 1, అలసట 2, చేయదగినది 6. రాత్రి 10:40కి కార్యాలయం నుంచి ఒక ఈమెయిలు వచ్చింది, దానికి జవాబు రాసి పడుకున్నాను, చిరాకు 5.

ఆ రాత్రి నన్నెవరైనా రోజెలా గడిచిందని అడిగి ఉంటే, దండగ రోజు అనే చెప్పి ఉండేవాడిని. ముగింపు ఆ ఈమెయిలే కాబట్టి జ్ఞాపకం మీద దాని రంగే పడింది. మర్నాడు కాగితం మీద పెట్టేదాకా ఆ పాతిక నిమిషాలు లెక్కలోకి రానేలేదు. మరో నెల గడిచి ఉంటే, సైకిలు గొలుసు ఊడిందన్న సంగతే మరచిపోయేవాడిని.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, రోజును అందంగా చూపించే ప్రయత్నం చేయకండి. వ్యాయామం అయిదు నిమిషాలు చేసి ఉంటే అయిదనే రాయండి, వంటింట్లో ఊరకే నిలబడి ఉంటే అదే రాయండి. రెండు, అంకెలు వేసేటప్పుడు ఎలా అనిపించి ఉండాలో ఊహించకండి; ఆ చోటును, ఆ వెలుతురును, చేతుల్లో ఉన్న వస్తువును తలచుకుని, అప్పుడు ఎలా అనిపించిందో వేయండి. పూజలోనో, పిల్లలతోనో ఉన్నప్పుడు చిరాకు కలిగిందని ఒప్పుకోవడానికి మనసు ఒప్పదు. ఆ అంకెలు నిజాయితీగా పడకపోతే మిగిలిన శ్రమంతా వృథా.

ఎనిమిది రోజులను చదవడం

నాలుగు వారాలకు ఎనిమిది రోజుల లెక్క చేతికి వస్తుంది. సగటులు కట్టవద్దని నా సలహా. సగటు కట్టగానే బుధవారపు ఆరు, పగటి రెండుల్లో కరిగిపోతుంది. ముందుగా ఆనందం అయిదు దాటిన రంగాలకు ఒక రంగు సిరాతోనూ, చేయదగినది అయిదు దాటిన రంగాలకు మరో రంగుతోనూ గీత గీయండి. రెండు రంగులూ కలిసిన చోట్లు చాలామందికి నాలుగైదుకు మించవు. అవి ఎవరి సమక్షంలో, ఏ వేళప్పుడు, ఏ రకం పనిలో వచ్చాయో వాక్యాలుగా రాయండి. నా విషయంలో అవన్నీ చేతులతో చేసే పనుల్లో, మరో మనిషి పక్కనుండగా వచ్చాయి. నన్ను నేను పుస్తకాల పురుగుగా భావించుకుంటూ వచ్చినందువల్ల ఇది కొంత కష్టంగానే మింగుడుపడింది.

తర్వాత మనసు అక్కడ లేని రంగాలను చూడండి. మాథ్యూ కిలింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు 2010లో 2,250 మందిని ఫోను ద్వారా రోజులో వేర్వేరు వేళల్లో పలకరించి, ఏం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు, ఎలా ఉన్నారు అని అడిగితే, 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు వారి ఆనందం తగ్గింది; చేస్తున్న పని ఏమిటన్నదానికన్నా మనసు ఎక్కడుందన్నదే ఆనందంతో ఎక్కువగా ముడిపడి ఉంది. మీ పుస్తకంలోనూ ఇలాంటిదే కనిపిస్తే, పని మార్చుకోవాలా లేక పనిలో ఉండడం నేర్చుకోవాలా అన్నది వేర్వేరు చికిత్సలు కోరే ప్రశ్న. ఉద్యోగం మానేయాలన్న నిర్ణయానికి వచ్చే ముందు, ఆ ఉద్యోగంలోనే మనసు లగ్నమైన గంటలకు వేసిన అంకెలను తప్పక చూడండి.

ఇప్పుడు మడిచిన మొదటి పేజీ తెరవండి. అక్కడ రాసుకున్న అయిదింటికి ఈ ఎనిమిది రోజుల్లో ఎంత కాలం దక్కిందో పక్కన రాయండి. నా జాబితాలో మొదటిది పుస్తక పఠనం. ఎనిమిది రోజుల్లో దానికి దక్కింది నలభై నిమిషాలు. ఇలాంటి తేడా కనబడగానే చాలామంది తమను తాము తిట్టుకుని, రేపటి నుంచి గంట చదవాలని తీర్మానం చేసుకుంటారు. తొందరపడకండి. ముఖ్యమైనదాన్ని నిర్లక్ష్యం చేస్తూ ఉండవచ్చు; లేదా అది ముఖ్యమని ఇతరులు అనుకోవాలన్న కోరికతో జాబితాలో పెట్టుకుని ఉండవచ్చు. ఏది నిజమో ఆ నలభై నిమిషాలకు వేసిన అంకెలే చెబుతాయి. నావి ఆనందం మూడు, చేయదగినది మూడు. కొన్నేళ్లుగా నేను చదవడం కన్నా, చదివేవాడిగా కనిపించడాన్ని ఎక్కువగా ఇష్టపడుతున్నానని గ్రహించడానికి నాకు మరో వారం పట్టింది.

జాబితాలో ఉండి, కాలమూ దక్కి, ఆనందం మాత్రం తక్కువగా ఉన్నవి కొన్ని కనిపిస్తాయి. మంచాన పడిన తండ్రికి స్నానం చేయించడం అలాంటిది. వీటిని కొట్టివేయాలా ఉంచాలా అన్న సందేహం వచ్చినప్పుడు తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో వేసిన ప్రశ్న పనికివస్తుంది. మీరు కోరిన అనుభవాలన్నింటినీ మెదడుకు అచ్చంగా నిజమే అనిపించేలా అందించే యంత్రం ఒకటి ఉందనుకుందాం. అందులోకి వెళ్లాక అది యంత్రమన్న సంగతి గుర్తుండదు. జీవితాంతం దానికి తగిలించుకుని ఉంటారా? నోజిక్ ఉండకూడదనే అభిప్రాయంతో ఈ ప్రశ్న వేశాడు. మీరు మాత్రం దీన్ని మీ జాబితా మీద ఒక్కొక్కటిగా ప్రయోగించండి: ఇది నిజంగా జరగకపోయినా జరిగిన అనుభూతి మాత్రం దొరికితే నాకు చాలునా? చాలు అనిపించినవి సుఖం కోసం చేస్తున్నవి, అందులో తప్పేమీ లేదు. తండ్రికి స్నానం చేయించిన అనుభూతి ఎవరికి కావాలి? ఆయన శుభ్రంగా ఉండాలి, అంతే.

డబ్బు

దీని గురించి రెండు అతిశయోక్తులు చలామణిలో ఉన్నాయి, రెండింటినీ పక్కన పెట్టాలి. డబ్బుతో సంతోషం రాదనేవారు సాధారణంగా 1978 నాటి ఒక అధ్యయనాన్ని చెబుతారు. లాటరీ గెలిచినవారు గెలవనివారికన్నా చెప్పుకోదగ్గంత సంతోషంగా లేరని, రోజువారీ చిన్న ఆనందాలు వారికి తగ్గాయని అందులో తేలింది. కానీ అందులో ఉన్న విజేతలు కేవలం 22 మంది. 2020లో స్వీడన్ లాటరీ విజేతల మీద ప్రచురితమైన చాలా పెద్ద అధ్యయనంలో, గెలిచి పదేళ్లు దాటినా వారి జీవన సంతృప్తి పెరిగే ఉంది. అనుభూతిలో, మానసిక ఆరోగ్యంలో మాత్రం తేడా అంతకన్నా చాలా తక్కువ. అంటే డబ్బు ప్రభావం సంతృప్తి మీద ఎక్కువ, సుఖం మీద తక్కువ. ఆదాయం ఒక స్థాయి దాటాక రోజువారీ అనుభూతి పెరగదని 2010లో కాహ్నెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ చెప్పారు. అలాంటి హద్దేమీ కనబడలేదని 2021లో కిలింగ్స్‌వర్త్ చెప్పాడు. వాదించుకుంటూ కూర్చోకుండా కాహ్నెమన్, కిలింగ్స్‌వర్త్ కలిసి లెక్కలు మళ్లీ చూసి, అత్యంత దుఃఖంలో ఉన్న సుమారు అయిదో వంతు మందికే ఆ హద్దు వర్తిస్తుందని, మిగిలినవారికి ఆదాయంతోపాటు సుఖమూ మెల్లగా పెరుగుతూనే ఉంటుందని 2023లో తేల్చారు. పండితులు ఇలా కలిసి తప్పు దిద్దుకోవడం అరుదు కాబట్టి ఇంత వివరంగా చెప్పాను.

మీరు చేయవలసింది ఇంతే. మీ ఎనిమిది రోజుల్లో చిరాకు నాలుగు దాటిన రంగాలన్నీ తీసుకుని, డబ్బుంటే ఏవి తొలగిపోయేవో గుర్తుపెట్టండి. అప్పులవాడి ఫోనుకు వణుకుతున్న మనిషికి డబ్బు ముఖ్యం కాదని చెప్పడం క్రూరత్వం. చిరాకంతా తోటివారితో పోల్చుకోవడం వల్ల పుడుతున్నట్టయితే అది వేరే సంగతి; దానికి ఎంత డబ్బయినా చాలదు.

మనుషుల పట్టిక

సంతోషం గురించిన పరిశోధనలన్నింటిలోనూ అతి సుదీర్ఘమైనవాటిలో ఒకటి 1938లో హార్వర్డ్‌లో మొదలైంది. 268 మంది కళాశాల విద్యార్థులను, తర్వాత దీనితో కలిపిన మరో అధ్యయనంలోని బోస్టన్ పేదవాడలకు చెందిన 456 మంది బాలురను వారి వార్ధక్యం వరకు అనుసరించారు. ఇప్పుడు వారి పిల్లల తరమూ అందులో ఉంది. యాభయ్యో ఏట తమ అనుబంధాల పట్ల ఎవరు ఎక్కువ తృప్తిగా ఉన్నారో వారే ఎనభయ్యో ఏట ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని, ఆ విషయంలో కొలెస్ట్రాల్ అంకె కన్నా అదే మంచి సూచిక అయిందని అధ్యయన సారథి రాబర్ట్ వాల్డింగర్ చెప్పారు. మొదటి తరంలో ఉన్నవారంతా పురుషులేనన్న పరిమితి ఉంది. అనుబంధాలు ఆరోగ్యాన్నిచ్చాయా, ఆరోగ్యంగా ఉన్నవారే అనుబంధాలు నిలుపుకోగలిగారా అని అడగవచ్చు; రెండూ కొంత కొంత నిజమే అయి ఉంటాయి.

పుస్తకంలో ఒక పేజీ తీసుకుని, మీకు ఆప్తులని అనుకునే పదిమంది పేర్లు రాయండి. ఒక్కో పేరు ఎదుట, చివరిసారి వారితో పనిలేకుండా అరగంటకు పైగా మాట్లాడింది ఎప్పుడో రాయండి. శుభాకాంక్షల సందేశాలు, పెళ్లిలో పలకరింపులు లెక్కలోకి రావు. తర్వాత, అర్ధరాత్రి భయపడి ఫోను చేయవలసి వస్తే ఎవరికి చేస్తారో వారి పేరు కింద గీత గీయండి. చివరగా, అలాంటి వేళ మీకు ఫోను చేయగలిగేవారి పేరు పక్కన చుక్క పెట్టండి. గీతలు ఉండి చుక్కలు లేకపోతే ఆలోచించవలసిన సంగతే. నేను ఈ పట్టిక రాసినప్పుడు మూడో పేరు మా అక్కది; ఎదుట తేదీ వేయబోతే గుర్తురాలేదు, ఫోనులో వెతికితే పద్నాలుగు నెలలు. ఆ సాయంత్రమే ఫోను చేశాను. "ఏరా, ఎవరికేమైంది?" అన్నది ఆమె మొదటి మాట.

చేసినవి, చేయనివి

పశ్చాత్తాపాల గురించి ఒక్క పూట కేటాయిస్తే చాలు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే పరిశోధకులు 1990ల్లో గమనించినదేమంటే, గత వారం గురించి అడిగితే మనుషులు చేసిన తప్పులనూ చెబుతారు గానీ, జీవితం మొత్తం మీద అడిగితే చేయకుండా వదిలేసినవాటినే ఎక్కువగా చెబుతారు. ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి రెండింటినీ రాయండి. అయితే చేయనివాటి ఎదుట, అవి చేసి ఉంటే ఏం పోగొట్టుకుని ఉండేవారో కూడా తప్పక రాయాలి. ఊహలోని ఆ రెండో జీవితంలో మనకు జబ్బు చేయదు, అద్దె కట్టనక్కరలేదు, ఎవరితోనూ పేచీలు రావు. దాంతో పోటీపడి ఏ నిజమైన జీవితమూ గెలవదు. ఖర్చు రాసిన తర్వాత కూడా మిగిలినవాటిలో ఇంకా చేయడానికి వీలున్నది ఒక్కటి ఉంటే చుట్టూ గీత గీయండి.

మీరు పోయాక మీ గురించి ఎవరేమనాలో రాయమనే అభ్యాసం ఒకటి బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నేను సిఫారసు చేయను. అది రాయడానికి కూర్చున్న మనిషి తన రోజులను వదిలేసి శ్రోతల గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. దానికి బదులు, ఈ ఎనిమిది రోజుల్లో ఏ రోజును ఉన్నదున్నట్టుగా మరోసారి గడపడానికి ఒప్పుకుంటారో చెప్పండి.

ఆపవలసిన వేళ

రాయడం కొన్నిసార్లు బాధిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు తమ జీవితంలోని బాధాకరమైన ఘటనల గురించి వరుసగా నాలుగు రోజులు పావుగంట చొప్పున రాశారు. రాసిన వెంటనే వారి మనసు మరింత కుంగింది. అయినా ఆ ఘటనలనూ వాటి వెనుక ఉన్న భావాలనూ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లవలసి రావడం తగ్గింది. కాబట్టి ఒక పూట దిగులు వేసినంత మాత్రాన మానుకోనక్కరలేదు. కానీ ప్రతిసారీ అవే వాక్యాలు, అదే మనిషి మీద అదే ఫిర్యాదు, ఒక్క కొత్త వివరమూ లేకుండా వస్తుంటే అది ఆలోచన కాదు, గానుగెద్దు నడక. ఆ అంశాన్ని మూసేయండి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటి ఉంటే పుస్తకాన్ని పక్కన పెట్టి వైద్యుడిని కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే మరో మనిషికి చెప్పాలి.

ఒక్క మార్పు

నాలుగు వారాల చివర మార్చదగినవి పది కనిపిస్తాయి. ఒక్కటే ఎంచుకుని, దాన్ని వేళకూ చోటుకూ కట్టిపడేయండి. "కుటుంబంతో ఎక్కువగా గడపాలి" అన్నది కోరిక. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఫోను ముందు గదిలోని అరలో ఉంటుందన్నది నేను పెట్టుకున్న మార్పు. మొదటి పదిహేను రోజుల్లో ఆరుసార్లు తప్పాను, అదీ పుస్తకంలో రాశాను.

ఏడాది తర్వాత మళ్లీ నాలుగు వారాలు ఇదే పని చేయండి. పాత పేజీలు చూడకుండా కొత్త అంకె, కొత్త జాబితా రాసి, ఆ తర్వాతే పాతవి తెరవండి. పాతవాటిలో ఒక్క అక్షరం కూడా దిద్దకండి. రెండో ఏడాది నా జాబితాలో పుస్తక పఠనం లేదు, మా అక్క పేరు ఉంది, సాయంత్రాల్లో ఆనందం అయిదు దాటిన రంగాలు రెండు నుంచి తొమ్మిదికి పెరిగాయి. నిచ్చెన మీద మాత్రం మొదటి ఏడాది నేను వేసుకున్న అంకె ఏడు, రెండో ఏడాది వేసుకున్నదీ ఏడే.